ఎనిమిది భాషల ప్యాకేజీ, ఒక రొయ్యల గుంట: నెల్లూరులో నేను చేరిన కంప్యూటర్ కోర్సు మీద రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి రెండున్నర. అందులో ఒకటిన్నర జావా సారుకి, ఒకటి ఎస్‌క్యూఎల్ మేడమ్‌కి. సెంటర్‌కంటూ విడిగా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. పేరు మాత్రం రాయను. రాస్తే ముందు ఆ ఇద్దరి జీతాలకే ఎసరొస్తుంది, ఓనరుకి ఏమీ కాదు. నెల్లూరులో మెట్లెక్కి వెళ్ళే సెంటర్లలో ఒకటి అనుకోండి, చాలు.

నేనెవరో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఇందుకూరుపేట రోడ్డులో రొయ్యల మేత అమ్మే షాపులో లెక్కలు రాస్తాను. బీకాం చదివాను, వయసు ముప్పై ఆరు. మా రైతులు మేత అప్పు మీద తీసుకెళ్తారు, రొయ్య పట్టుబడి అయ్యాక కడతారు, మధ్యలో ఎవరు ఎంత బాకీ, ఏ గుంటలో ఎన్ని బస్తాలు పడ్డాయి, రొయ్య ఎంత కౌంటుకి (కిలోకి ఎన్ని) వచ్చింది, ఇదంతా నాలుగు పుస్తకాల్లో, ఒక ఎక్సెల్ షీట్‌లో, మా ఓనరు తలకాయలో ఉంటుంది. ఎక్సెల్ ఇక మోయలేకపోతోంది, సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుందామని నా ఆశ. అదే టైంకి మా అక్క కొడుకు బీటెక్ రెండో సంవత్సరంలో పడ్డాడు, వాడికి కాలేజీలో చెప్పేది ఎక్కడం లేదు. ఇద్దరం కలిసి చేరితే డిస్కౌంటు అన్నారు. ఒక్కొక్కరికి 18,000, ఇద్దరికి కలిపి 32,000, రిజిస్ట్రేషన్ వేరే అయిదొందలు, ఐడీ కార్డు డిపాజిట్ మూడొందలు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర, నాలుగు నెలలు.

ఫ్లెక్సీ మీద ఎనిమిది భాషలు. సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్, హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, ఎస్‌క్యూఎల్. ఎంక్వయిరీలో కూర్చున్న అమ్మాయి అయితే "అన్నా, జావా నేర్చుకుంటే జావాస్క్రిప్ట్ దానంతట అదే వచ్చేస్తుంది" అంది. ఆ అమ్మాయిని ఏమీ అనను, అలా చెప్పమని కాగితం ఇచ్చి ఉంటారు. కానీ కావలి ఊరికీ భుజాన మోసే కావడికీ ఎంత చుట్టరికమో ఆ రెండు భాషలకీ అంతే. జావా సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం చేసింది, జావాస్క్రిప్ట్ నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ అనే ఆయన 1995 మే నెలలో పది రోజుల్లో తయారు చేశాడు, అప్పటికి జావా పేరు మోగిపోతోంది కాబట్టి ఆ గాలి తగులుతుందని ఆ పేరు తగిలించారు. పైగా హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ ప్రోగ్రామింగ్ భాషల లెక్కలోకి రావు. ఒకటి పేజీలో ఎక్కడ ఏముందో చెప్పేది, రెండోది దానికి రంగూ ముస్తాబూ. వాటితో పేజీ వస్తుంది గానీ బాకీల లెక్క చేయించలేం. అంటే ఎనిమిదిలో రెండు ఫ్లెక్సీ మీదే ఎగిరిపోయాయి. ఇది నాకు డబ్బు కట్టాక తెలిసింది, మీకు కట్టకముందే చెప్తున్నా.

నేను ఒక పని పెట్టుకున్నాను. ఏ భాష మొదలుపెట్టినా మా షాపు లెక్కే వేసి చూడాలని. రెండే లెక్కలు. ఒకటి, గుంటలో లక్ష సీడ్ (రొయ్య పిల్లలు) వేశాం, ఆ లక్షని దాచుకుని తిరిగి చూపించు. రెండు, 1400 కిలోల మేత పడింది, 1000 కిలోల రొయ్య వచ్చింది, ఎఫ్‌సీఆర్ ఎంత? రొయ్యల సంగతి తెలియని వాళ్ళకి, ఎఫ్‌సీఆర్ అంటే కిలో రొయ్య రావడానికి ఎన్ని కిలోల మేత తిన్నదీ అని. ఇక్కడ 1.4. నోటి లెక్క. ఈ రెండు లెక్కలే నాకు సెంటర్ గురించి, భాషల గురించి ఉన్నదున్నట్టు చూపించాయి.

సీతో మొదలు. సీ మీద నాకు కోపం లేదు, మీరూ పెట్టుకోకండి. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేసిన భాష, యూనిక్స్‌ని దాంతోనే తిరగరాశారు, ఈ రోజు మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉండే లైనక్స్ కెర్నల్ (ఫోన్‌ని లోపల నడిపే మూల ప్రోగ్రాం) కూడా ఎక్కువ భాగం సీలోనే ఉంది. గుంట గట్టు మీద, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకి టైమర్ పెట్టెలు పెడతారు చూడండి, అలాంటి వాటిలో ఉండే చిన్న చిన్న చిప్పులకి ఎక్కువగా రాసేదీ సీలోనే. మెమరీ తక్కువ, వేగం కావాలి, మిషన్‌కి దగ్గరగా కూర్చుని పని చేయించాలి అంటే ఇదే. బాధ ఎక్కడంటే, సెంటర్‌లో ఆ సీని నేర్పింది టర్బో సీ మీద. ఆ నీలం తెర గుర్తుందా? 1990ల నాటి డాస్ సరుకు. ఇప్పటి విండోస్‌లో అది తిన్నగా నడవదు కూడా, డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రాం లోపల పెట్టి నడిపిస్తారు.

అక్కడ నా లక్ష సీడ్ వేశాను. పూర్ణాంకాలు దాచే ఇంట్ అనే డబ్బాలో లక్ష పెట్టి ప్రింట్ చేయమంటే మైనస్ 31072 అని చూపించింది.

మా వాడు తెర వంక చూసి, "మామా, రొయ్యలన్నీ చచ్చినాయి, ఇంకా ముప్పై ఒక్క వేలు మనమే హ్యాచరీ వాళ్ళకి బాకీ అంటుంది ఇది" అన్నాడు. వెనక బెంచీ అంతా నవ్వింది. సీ సారుని పిలిచి చూపించాను. ఆయన అటూ ఇటూ చూసి, సెమికోలన్ సరిగ్గా ఉందా అని చూసి, చివరికి అన్న మాట ఇది: "లక్ష వెయ్యకండి. పదివేలు వేసి చూడండి, వస్తుంది." నిజంగానే వచ్చింది. పదివేలకి పదివేలు వచ్చింది. ఎకరానికి పదివేల సీడ్ వేసుకునే రైతుని ఎక్కడన్నా పట్టుకొస్తే ఆ ప్రోగ్రాం వాడొచ్చు.

రెండో లెక్క, 1400ని 1000తో భాగిస్తే 1 అంది. ఎఫ్‌సీఆర్ 1 అంటే మా రైతులు సెంటర్ ముందు కొబ్బరికాయ కొడతారు. దానికి సారు జవాబు, "పుస్తకంలో అట్నే ఉంటుంది." అవును, సీలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే పాయింటు తర్వాతది పారేస్తుంది, అది దాని పద్ధతి. ఆ ఒక్క ముక్క చెప్పి, రెండింట్లో ఒకదాన్ని ఫ్లోట్, అంటే పాయింటు ఉండే అంకె, చేసుకోండి అంటే సరిపోయేది. చెప్పలేదు. నాలుగు నెలల్లో అయిదు వారాలు సీకే పోయాయి, అందులో మూడు వారాలు నక్షత్రాలతో పిరమిడ్లు వేయడం. ఆ పిరమిడ్లు ఇంటర్వ్యూలో అడుగుతారట. అడగనీ.

సీ ప్లస్ ప్లస్ వారం రోజుల్లో అవగొట్టారు, నేనూ అలాగే అవగొడతా. బియార్నే స్ట్రౌస్ట్రప్ 1979లో సీకి క్లాసులు చేర్చి మొదలుపెట్టింది, 1985లో బయటికి వచ్చింది. పెద్ద పెద్ద ఆటలు, క్రోమ్ లాంటి బ్రౌజర్లు, డేటాబేస్ ఇంజన్లు, అంటే బరువూ వేగమూ రెండూ కావలసిన చోట ఉంటుంది. మాకు నేర్పిన వారంలో 'ఆవు ఒక క్లాసు, మా ఆవు ఒక ఆబ్జెక్టు' తప్ప ఏమీ అందలేదు. దానికి స్టార్లు తీయడం కూడా దండగ.

ఏడో వారంలో జావా సారు వచ్చాడు. ఇక్కడి నుంచి నా రివ్యూ టోన్ మారుతుంది, ఏమనుకోకండి.

ఆయనది సూళ్లూరుపేట. జిల్లాలు మారి 2022 నుంచి అది తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ మాకింకా నోరు తిరగలేదు, నెల్లూరనే అంటాం. మొదటి రోజే నేను చెయ్యెత్తి, "సార్, ఇది జావా డౌట్ కాదు, సీ డౌట్" అని మైనస్ 31072 సంగతి చెప్పాను. ఆయన బోర్డు మీద పదహారు గళ్ళు గీశాడు. "ఒక్కో గడిలో సున్నా, ఒకటి, రెండే పడతాయి. పదహారు గళ్ళు మార్చి మార్చి పెడితే మొత్తం 65,536 రకాలు. అందులో సగం మైనస్‌కి ఇచ్చేశారు. కాబట్టి పైకి 32,767 దాకానే పోతుంది. టర్బో సీలో ఇంట్ అంటే ఈ పదహారు గళ్ళే. మీ లక్ష అందులో పట్టదు, పాత స్కూటర్ మీటరు లాగా తిరిగి కిందికి పోయి మైనస్‌లో తేలుతుంది. లక్షలోంచి 65,536 తియ్యి, ఇంకోసారి తియ్యి, ఎంతొచ్చింది?" తీశాను. మైనస్ 31,072. అయిదు వారాలుగా నాకు పట్టిన దయ్యం అయిదు నిమిషాల్లో వదిలింది. ఇంట్ బదులు లాంగ్ అనే పెద్ద డబ్బా పెట్టి ఉంటే ఆ రోజే లక్ష లక్షగా వచ్చేది, ఇప్పటి కంపైలర్ మీద నేర్పి ఉంటే ఇంట్‌కే మామూలుగా ముప్పై రెండు గళ్ళు ఉంటాయి కాబట్టి అసలు ఈ గొడవే లేదు.

అంతటితో ఆపలేదాయన. శ్రీహరికోట షార్ పక్క ఊరాయన కదా, రాకెట్ లేకుండా మాట ముగియదు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ళ ఏరియన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది, ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి. నలభై సెకన్లు కూడా సరిగ్గా గడవకముందే ముక్కలైపోయింది. కారణం ఇదే పదహారు గళ్ళు. పాత ఏరియన్ 4 కోసం ఆడా అనే భాషలో రాసిన ప్రోగ్రామ్‌ని కొత్త రాకెట్‌లో అలాగే పెట్టారు. కొత్తది అడ్డంగా ఇంకా వేగంగా కదులుతుంది, ఆ వేగం తాలూకు పెద్ద సంఖ్యని అరవై నాలుగు గళ్ళ డబ్బాలోంచి పదహారు గళ్ళ డబ్బాలోకి పోశారు, పట్టలేదు. మన టర్బో సీలో తిరిగి మైనస్‌లో తేలింది గానీ అక్కడ రాకెట్ దిశ కొలిచి చెప్పే యూనిట్ తప్పు జరిగిందని గుర్తించి ఆగిపోయింది, స్పేర్‌గా పెట్టిన రెండోదీ అదే ప్రోగ్రాం కాబట్టి అదీ అలాగే ఆగిపోయింది, ఆగిపోతూ పంపిన పిచ్చి అంకెల్ని మెయిన్ కంప్యూటర్ నిజమైన దిశ అనుకుని రాకెట్‌ని వంచేసింది. ఇంకా ఘోరం, ఆ లెక్క రాకెట్ లేచిన తర్వాత ఏరియన్ 5కి అక్కరలేనే లేదు. ఆడా చెత్త భాష కాదు, అమెరికా రక్షణ శాఖ పట్టుబట్టి తప్పులు దొర్లకూడదనే చేయించుకున్న భాష. క్లాసు మొత్తం ఊపిరి బిగబట్టి విన్నది. మా వాడైతే ఇంటికొచ్చి వాళ్ళమ్మకి కూడా గళ్ళు గీసి చూపించాడు. అక్క "నాకెందుకురా, నా కూర మాడుతుంది" అంది.

జావా గురించి ఆయన చెప్పిన పోలిక నాకు ఇప్పటికీ వదల్లేదు. ఒకసారి పిండి రుబ్బి పెట్టుకుంటే ఏ ఇంటి పెనం మీదైనా దోసె వస్తుంది. పెనం ఇంటింటికీ వేరు, పొయ్యి వేరు, పిండి మాత్రం అదే. సీలో అయితే ఆ ఇంటికి తగ్గట్టు ఆ ఇంట్లోనే రుబ్బాలి. జావాలో మనం రాసింది బైట్‌కోడ్ అనే పిండి అవుతుంది, ప్రతి కంప్యూటర్‌లో జేవీఎం అనే పెనం ఉంటుంది. 1995లో జావాని లోకానికి చూపించినప్పుడు సన్ వాళ్ళు గొప్పగా చెప్పుకున్నది ఇదే, ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి అని. మొదట దాని పేరు ఓక్, టీవీ పెట్టెల్లాంటి ఇంటి సామాన్ల కోసం మొదలైన పని. 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. బ్యాంకులు, ఇన్సూరెన్సు, పెద్ద కంపెనీల వెనకాల నడిచే సర్వర్ సాఫ్ట్‌వేర్, ఇవి జావా అడ్డా. ఆండ్రాయిడ్ యాప్‌లు కూడా చాలా ఏళ్ళు జావాలోనే రాశారు, 2019 నుంచి గూగుల్ కోట్లిన్‌నే ముందు వాడమంటోంది. కోట్లిన్ కూడా ఆ పెనం మీద నడిచేదే. ఐఫోన్‌కైతే యాపిల్ వాళ్ళది వేరే కుంపటి, స్విఫ్ట్, 2014లో వచ్చింది.

జావాలో నా లక్ష లక్షగానే వచ్చింది. ఇంట్ అంటే ముప్పై రెండు గళ్ళు, ఏ మిషన్ మీదైనా అంతే, 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాకా పడుతుంది. ఎఫ్‌సీఆర్ మాత్రం మళ్ళీ 1 అనే అంది, సీ పోలిక పోలేదు. డబుల్ అనే పాయింటు అంకెల డబ్బాలో వేస్తే 1.4 వచ్చింది. కానీ డబ్బు లెక్కలో డబుల్ వాడొద్దు అని సారు గట్టిగా చెప్పాడు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వచ్చేది ఆయన మా ముందే వేసి చూపించాడు, పాయింటు తర్వాత అంకెలు లోపల రెండ్ల లెక్కలో ఉంటాయి కాబట్టి మన పదో వంతు అందులో కచ్చితంగా కుదరదట. రూపాయల్ని పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచుకోమన్నాడు. అప్పుడు ఇంట్ చాలదు, ఎందుకంటే 214 కోట్ల పైసలంటే రెండు కోట్ల పద్నాలుగు లక్షల రూపాయలే, మా రైతుల బాకీలు మొత్తం కూడితే దాన్ని దాటిపోతాయి, లాంగ్ పెట్టాలి. ఈ ఒక్క సలహాకి నేను కట్టిన పదహారు వేలలో సగం చెల్లు.

ఆయనకి సెంటర్ ఇచ్చింది అయిదు వారాలు. అందులో ఒక వారం పండగ సెలవులు, రెండు రోజులు ఇన్వర్టర్ చెడిపోయి. సెంటర్ సదుపాయాల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. బ్యాచ్‌లో నలభై మంది, ల్యాబ్‌లో ఇరవై రెండు సిస్టమ్స్, వాటిలో మూడింటికి ఎల్లప్పుడూ ఏదో ఒక రోగం. నేను కూర్చునే కీబోర్డులో సెమికోలన్ మీట పడదు. సీ, జావా నేర్చుకునే చోట సెమికోలన్ పడని కీబోర్డంటే ఉప్పు లేని చేపల పులుసే. ఏసీ ఉంది, ఎంక్వయిరీ గదిలో ఉంది. మంచినీళ్ళ క్యాన్ వారానికి నాలుగు రోజులు ఖాళీ. బండి పెట్టుకోవడానికి రోడ్డే.

ఇక పైథాన్. ఫ్లెక్సీ మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలు దీనికే, పక్కనే ఏఐ అని మెరుపు బొమ్మ. చెప్పడానికి వచ్చినతను కొత్త కుర్రాడు, మంచివాడే, చేతిలో పాత నోట్సు. సిస్టమ్స్‌లో ఉన్నది పైథాన్ 2.7. పైథాన్ 3 వచ్చింది 2008లో, పాత 2కి 2020 జనవరి 1తో సపోర్టు పూర్తిగా ఆపేశారు. మా వాడు క్లాసులో రాసుకున్నది ఇంటికొచ్చి తన ల్యాప్‌టాప్‌లో కొడితే మొదటి లైనుకే ఎర్రజెండా. పాతదాంట్లో ప్రింట్‌కి బ్రాకెట్లు అక్కరలేదు, కొత్తదాంట్లో ఉండాల్సిందే. "మామా, సెంటర్‌లో పైథాన్, ఇంట్లో పైథాన్ ఒకటి కాదా ఏంది?" అని వాడు దిగులుగా అడిగితే, నేను ఎఫ్‌సీఆర్ లెక్క రెండిటిలో వేసి చూశాను. సెంటర్‌లో 1, ఇంట్లో 1.4. అదే భాష, అదే గీత, రెండు జవాబులు. పాత నోట్సు పట్టుకుని ఎవరైనా పాఠం చెప్తుంటే ఎందుకు లేచి వెళ్ళిపోవాలో ఇంతకంటే చెప్పలేను. ఇది చెప్పాక ఆ కుర్రాడు మరుసటి రోజు తన సొంత ల్యాప్‌టాప్ తెచ్చి కొత్త వెర్షన్‌లో చెప్పాడు, పాపం. ల్యాబ్‌లో మాత్రం చివరి రోజు దాకా 2.7నే.

భాష మాత్రం నాకు నచ్చింది, దాపరికం లేదు. గీడో వాన్ రోసమ్ 1991లో బయటపెట్టింది, పేరు పాముని చూసి పెట్టింది కాదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందం మీద ఇష్టంతో పెట్టుకున్నాడట. లక్ష కాదు, లక్ష కోట్లు పెట్టినా గళ్ళ గొడవ లేదు, ఎంత పెద్దదైనా పట్టే డబ్బా. మీసాల బ్రాకెట్లు లేవు, లోపలికి జరిపి రాస్తేనే లోపలిది అని అర్థం, దాంతో ఒక్క స్పేస్ తేడా వచ్చినా మూతి ముడుచుకుంటుంది. డేటా లెక్కలు, ఏఐ, రోజూ చేసే విసుగు పనుల్ని దానికి అప్పగించడం, వీటికి బాగుంటుంది. అది నిదానమని అంటారు, నిజమే. అందుకే నమ్‌పై లాంటి, లెక్కల కోసం ముందే రాసిపెట్టిన లైబ్రరీల్లో బరువు పనంతా లోపల సీలోనే చేస్తారు. మనం పైన పైథాన్ అనుకుని మురిసిపోతుంటాం, అడుగున మూట మోసేది ఆ పాత సీనే.

వెబ్ భాగం రెండు వారాలు. రంగురంగుల లాగిన్ పేజీ చేయించారు, బటన్ నొక్కితే ఎక్కడికీ పోదు. జావాస్క్రిప్ట్‌లో నా ఎఫ్‌సీఆర్ మొదటిసారే 1.4 వచ్చింది, సంతోషపడ్డాను. తర్వాత పేజీ మీద పెట్టెలో 14 బస్తాలు అని కొట్టి దానికి 3 కలపమంటే 143 అంది. పెట్టెలో కొట్టింది అంకె కాదు, అక్షరాల కింద లెక్క, పక్కన పక్కన అతికించేసింది. దాన్ని ముందు సంఖ్యగా మార్చాలి. బ్రౌజర్ లోపల నడిచే భాష అంటే ఇప్పటికీ ముఖ్యంగా ఇదే, 2009లో నోడ్ వచ్చాక సర్వర్ వైపు కూడా వాడుతున్నారు, పెద్ద పనులకి మైక్రోసాఫ్ట్ వాళ్ళ టైప్‌స్క్రిప్ట్ ఉంది, ఇలాంటి 143ల్లో కొన్నిటిని రాసేటప్పుడే పట్టుకుంటుంది. పీహెచ్‌పీ ఊసే లేదు సిలబస్‌లో. వెబ్‌సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ ముఖ్యంగా దాని మీదే నడుస్తుంది, మన ఊళ్ళో చిన్న షాపులకి, స్కూళ్ళకి వెబ్‌సైట్ చేసి పెట్టి నాలుగు రూకలు సంపాదించుకోవాలంటే అదే పనికొస్తుంది. ఫ్లెక్సీ మీద బాగోదనేమో వదిలేశారు.

ఎస్‌క్యూఎల్, అంటే పట్టికల్లో దాచిన సమాచారంలోంచి కావలసింది అడిగే భాష, చివరి మూడు వారాలు. చెప్పిన మేడమ్ కావలి నుంచి రైల్లో వచ్చేవారు. రైలు లేటైతే క్లాసు లేటు, కానీ వచ్చాక ఒక్క నిమిషం దండగ చేసేవారు కాదు. దీని పుట్టుక ఐబీఎంలో, టెడ్ కాడ్ 1970లో రాసిన ఆలోచన మీద కట్టింది. ఎలా వెతకాలో చెప్పక్కర్లేదు, ఏం కావాలో చెప్తే చాలు, వెతికే తంటా డేటాబేస్ పడుతుంది. మిగతా భాషల్లో పనివాడికి పక్కన నిలబడి చేయి పట్టి చేయించాలి, ఇక్కడ ఆర్డరిచ్చి కూర్చోవచ్చు. "తొంభై రోజులు దాటి, రెండు లక్షల పైన బాకీ ఉన్న రైతులు, ఊరి వారీగా, పెద్ద బాకీ ముందు" అని నేను అడగాలనుకున్నది నాలుగైదు గీతల్లో వచ్చేసింది. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. మా షాపులో అదే జాబితా తీయాలంటే నాకు ఒక ఆదివారం పోతుంది.

నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. ఒక రైతు బాకీ కట్టేశాడని సున్నా చేయబోయి, అప్‌డేట్ రాసి, చివర ఎవరిది మార్చాలో చెప్పే వేర్ అనేది మర్చిపోయి ఎంటర్ కొట్టాను. టేబుల్లో ఉన్న రెండు వందల మందికీ సున్నా. మేడమ్ నా భుజం మీదుగా చూసి, "సార్, ఒక్క దెబ్బతో జిల్లా మొత్తానికి రుణమాఫీ చేసేశారే" అన్నారు. ల్యాబ్ డేటా కాబట్టి సరిపోయింది. అప్‌డేట్‌కి ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కొట్టి, ఎంతమంది వస్తున్నారో చూసుకుని అప్పుడు మార్చమని చెప్పారు. ఇప్పటికీ అలాగే చేస్తున్నా. అన్నట్టు, ల్యాబ్‌లో ఉన్న మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ 1400ని 1000తో భాగిస్తే 1.4000 అని నాలుగు అంకెలతో చూపించింది.

నాలుగు నెలల్లో ఎవ్వరూ ఎత్తని భాషలు రెండున్నాయి, నేను జావా సారుని టీ దగ్గర పట్టుకుని అడిగి తెలుసుకున్నవి. కోబాల్, 1959లో పుట్టింది, గ్రేస్ హాపర్ అనే ఆవిడ అంతకుముందు చేసిన పని మీద నిలబెట్టారు, లెక్కల గుమాస్తా చదివినా అర్థమయ్యేలా మాటల్లో రాసే భాష. పాత బ్యాంకు వ్యవస్థల్లో ఇంకా బతికే ఉంది. 2000 సంవత్సరం గండం అని పెద్ద గొడవైనప్పుడు, సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన ఆ పాత ప్రోగ్రాములు సరిచేయడానికే కదా మన వాళ్ళు ఎందరో విమానం ఎక్కింది. రెండోది ఫోర్ట్రాన్, 1957, ఐబీఎంలో జాన్ బాకస్ బృందం చేసింది. వాతావరణాన్ని అంచనా వేసే పెద్ద మోడళ్ళలో చాలావాటికి ఈ రోజుకీ ప్రాణం అదే. తుపాను వస్తోందంటే గుంటల మీద మా రైతులు రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, ఆ హెచ్చరిక వెనక ఇంత పాత భాష ఉందంటే నాకు ముచ్చటేసింది. ఫ్లెక్సీకి మాత్రం ముచ్చటెయ్యదు.

సర్టిఫికెట్ ఇచ్చారు, ల్యామినేషన్‌తో సహా, అందులో నా ఇంటిపేరు తప్పు. సరిచేయడానికి రెండొందలన్నారు, వద్దన్నాను. ఉద్యోగాలు చూపిస్తామన్న మాట వాట్సాప్ గ్రూపుగా తేలింది. అందులో రోజూ హైదరాబాద్, బెంగళూరు ప్రకటనలు ఫార్వర్డ్ చేస్తారు, అవి ఎవరికైనా దొరికేవే.

చేరాలా వద్దా అని అడిగేవాళ్ళకి: ఎనిమిది భాషల ప్యాకేజీ తీసుకోకండి. జావా, ఎస్‌క్యూఎల్ విడిగా ఇస్తారా అని గట్టిగా అడగండి. మొదట లేదంటారు, మెట్లు దిగుతుంటే పిలిచి ఇస్తారు, మా తర్వాత బ్యాచ్‌లో ఒకతనికి రెండూ కలిపి 9,000కి ఇచ్చారు. డెమో క్లాసులో నోరు మూసుకుని కూర్చోకుండా మీ పనిలో ఉన్న ఒక లెక్క పట్టుకెళ్ళి వేయించండి. ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉందో మీరే కూర్చుని చూడండి. నీలం తెర కనిపిస్తే కింద టీ తాగి ఇంటికెళ్ళండి.

నా ప్రోగ్రాం పైథాన్ 3లో, వెనకాల ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పెట్టుకుని షాపులో నడుస్తోంది. బాకీలన్నీ పైసల్లో ఉంటాయి, తెర మీదికి రూపాయల్లో వస్తాయి. బొమ్మలు లేవు, నల్ల తెరే, మా ఓనరు దాన్ని "ఆ చీకటి పెట్టె" అంటాడు గానీ సాయంత్రమైతే బాకీల జాబితా దాంట్లోంచే తీయమంటాడు. మా వాడు దానికి వెబ్ పేజీ చేస్తానంటున్నాడు, ముందు సెమిస్టర్ పాసవమన్నాను. ఐడీ కార్డుల డిపాజిట్ ఆరొందలు ఇంకా రావాలి. పోయిన శనివారం వెళ్తే మేనేజరు గారు లేరు, సోమవారం రమ్మన్నారు. సోమవారం వెళ్తే, ఏ సోమవారమో చెప్పలేదు కదా అన్నారు.